ఎక్కువ కొట్టిన కార్డులు

కాక పోయిండన్న కబురు నాకు మొదట తెచ్చింది ట్రాలీ ఆటో అన్న. కామారెడ్డి కాయితాల దుకాణం నుంచి ఎల్లారెడ్డి ప్రెస్సులకు రీములు తోలేది ఆయనే. వాపసు వచ్చేటప్పుడు అచ్చయిన పెండ్లి కార్డులు మూటగట్టుకొచ్చి కామారెడ్డిలో నా ఇంటి ముందర దించిపోయేది కూడ ఆయనే. నేను వాటిని మడతలు పెట్టి, రంగు దారాలు కట్టి, కవర్లల్ల పెట్టి ఇస్త. దేవుని దయ, ఆ పని మీదనే నా పొయ్యి వెలుగుతున్నది. ఆ పొద్దు అన్న మూట దించలేదు. ఆటో బందు చేసి గడప అవతలనే నిలబడ్డడు.

“అక్కా, మిషిన్ కాక పోయిండు. నిన్న పొద్దుగూకంగ. ఎవలికి చెప్పాల్నో సమజ్ కాక నీ తానకు వచ్చిన.”

ఎవరికి చెప్పాలో తెలియక నా దగ్గరికి వచ్చిండు. ఆ మాటను తర్వాత చాలసార్లు తలుచుకున్న. కాకకు సొంతమనేవాళ్లు లేరని అందరికీ తెలుసు. అయినా ఒక మనిషి పోతే చెప్పడానికి ఒక ఇల్లంటూ ఉండాలె కద. ఆ అన్నకు నా ఇల్లు తోచింది. అట్ల తోపించినందుకు దేవునికి మొక్కుకున్న. నీళ్లు తాగి పొమ్మంటే అన్న తాగలేదు. “బస్సు ఉంది, జల్ది పో అక్కా” అని, ఖాళీ ట్రాలీ చప్పుడు చేసుకుంట పోయిండు.

కాక అంటే మా నాయిన తమ్ముడు కాదు. ఎల్లారెడ్డిలో మా నాయినకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. అండ్ల కాలితో తొక్కే ట్రెడిల్ మిషిను నడిపే మనిషి ఆయన. మంజీర అవతల, దెగ్లూరు దిక్కు నుంచి పడుచు వయసుల పని వెతుక్కుంట వచ్చి, మా నాయిన పెట్టిన అన్నం తిని, ఇగ వెనక్కి పోలేదు. పెండ్లి చేసుకోలేదు. నాయిన పోయినంక ప్రెస్సును వేరేటాయన కొన్నడు. మిషినుతో పాటు కాక కూడ ఆయన దిక్కు పోయిండు. కొన్నేండ్లకు ట్రెడిలు తుక్కు కింద పోయి ఆఫ్‌సెట్ వచ్చింది. కాక మాత్రం ఆన్నే ఉన్నడు. కాయితం కోసుడు, కట్టలు కట్టుడు, పొద్దున షట్టర్ లేపుడు. ప్రెస్సు ఎన్క అర్రలనే పడుకునేటోడు.

నన్ను బడికి పంపలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, సందు చివరిదాక నడిస్తే ఊపిరాడకపోయేది. ఇల్లూ ప్రెస్సూ ఒక్కటే గోడ కాబట్టి నాయిన ఇంట్లనే అక్షరాలు నేర్పిండు. అక్షరాలు నాయిన నేర్పిండు గని, చదువుడు అలవాటు చేసింది కాక. ఆయనకు తెలుగు చదవరాదు.

ప్రెస్సు పని తెలియనోళ్లకు ఒక మాట చెప్పాలె. ఐదు వందల కార్డులు అడిగితే మిషిను ఐదు వందల కాడ ఆగదు. మొదటి కొన్ని కాయితాలకు సిరా సరిగ్గ అంటక వెలవెల వస్తయి. నడుమ కొన్ని వంకర పోతయి, కొన్నిటి మీద వేలిముద్ర పడుతది. అట్ల పోయేటివి మనసుల పెట్టుకొని కొన్ని ఎక్కువ కొడతరు. చెడ్డవి తీసేసి, మంచివి లెక్కపెట్టి ఇచ్చినంక ఇంకా కొన్ని మంచివే మిగులుతయి. ఎక్స్‌ట్రాలు అంటరు. కొట్టిచ్చుకున్న గిరాకీ చేతుల నాలుగు పెట్టి సంతోషపెడతరు, రెండు నమూన కోసం దాస్తరు. మిగిలినవి ఎవరికీ పనికిరావు. ఎవరి పెండ్లికో పేర్లు పడ్డ కాయితాన్ని ఇంకొకరు ఏం చేసుకుంటరు? అట్ల మిగిలినవన్నీ నావి.

మిషిను ఆగినంక కాక కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుసుకొని ఒక ఎక్స్‌ట్రా తెచ్చి నా ముందర పెట్టేటోడు.

“సదువు బిడ్డా. పొద్దటిసంది కొడుతున్న, ఏం కొడుతున్ననో నాకే తెల్వదు.”

నేను కూడబలుక్కొని చదివేదాన్ని. పెండ్లి కార్డు అయితే, కింద పిలిచేటోళ్ల పేర్ల కాడికి వచ్చేసరికి ఆపేటోడు. “ఆగాగు. ఇంతమంది మేనమామలా? ఈ పెండ్లిల అన్నం సాలదు.” విత్తనాల పాంప్లెటు అయితే, “ఎకరానికి గన్ని బస్తాలా? ఇది రాసినోడు నాగలి పట్టిండా?” అని నాయిన దిక్కు చూసేటోడు. “నీకెందుకు, నువ్వు తొక్కు” అనేటోడు నాయిన.

పెండ్లి కార్డులు, విత్తనాల పాంప్లెట్లు, బీడీ కట్టల లేబుళ్లు, భజనకు రమ్మనే పిలుపులు. నా బడి అదే. ఒక్క పుస్తకం పూర్తిగ చదవకముందే తాడ్వాయిల, మాచారెడ్డిల, భిక్నూర్‌ల ఎవరింట్ల పెండ్లో నాకు తెలిసేది. వాటి వెనక తెల్లగ ఉన్న దిక్కు మీద నేను రాసుకునేదాన్ని. ఇయ్యాల ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్న అంటే ఆ మిగులు కాయితాల పుణ్యమే. పొద్దున దీపం పెట్టినంక నాకు మేలు చేసినోళ్లను ఒక్కొక్కరినే తలుచుకునుడు నాకు అలవాటు. అందులో నాయిన తర్వాత పేరు కాకదే.

ఒక్కటి మాత్రం ఎన్నడూ నా చేతికి రాలేదు. చావు కార్డు.

దినాలకు పిలిచే కార్డును కాక లెక్కకు మించి ఒక్కటి గూడ కొట్టనిచ్చేటోడు కాదు. సిరా కుదిరేదాక పాత పేపరు ముక్కల మీద కొట్టి చూసుకునేటోడు. కుదిరినంక అసలు కాయితం లెక్కబెట్టి ఎక్కించేటోడు. రెండు వందలు అంటే రెండు వందలే. ఒకటి చెడిపోతే ఒక్కటే కోసి మళ్ల పెట్టేటోడు. చెడిపోయినదాన్ని సిరా గుడ్డలతో కలిపి పెరట్ల కాలబెట్టేటోడు. పెండ్లి కార్డులు ఇష్టమొచ్చినన్ని మిగిల్చే మనిషి, ఈ కార్డు కాడ మాత్రం పిసినారి అయిపోయేటోడు.

“పెండ్లి కార్డు మిగిలితే నవ్వుకుంట కూసుంటది బిడ్డా. చావు కార్డు మిగిలితే ఇల్లు వెతుక్కుంటది,” అనేటోడు.

నాయినకు నవ్వొచ్చేది. “కాయితానికి కాళ్లొస్తయా రా?”

“కాళ్లెందుకు సేటూ. మోసెటందుకు మనుషులు లేరా?”

నేను ఎల్లారెడ్డికి పోయేసరికి సందుల జనం కాకకు స్నానం పోసి, కొత్త తువ్వాల కప్పి నా కోసం ఆగిండ్రు. ఎవరికి ఎవరు చెప్పిండ్రో తెల్వదు. ‘కామారెడ్డి అక్క వస్తది, ఆగుండ్రి’ అనుకున్నరట. ఆ ఆగినందుకు వాళ్లందరికీ నేను ఎట్ల మొక్కాల్నో. ప్రెస్సు కొన్నాయన నాకంటె చిన్నోడు, తమ్మీ అంట. ఆయననే ముందర నడిచి నిప్పు పెట్టిండు. వాపసు వచ్చి ప్రెస్సు ముందటి నల్ల కాడ కాళ్లు కడుక్కుంటుంటే అన్నడు:

“పదో దినం చేద్దాం అక్కా. సామాను, వంట నేను సూసుకుంట. నువ్వు వచ్చి నిలబడితే సాలు.”

“కార్డు కొట్టియ్యాలె తమ్మీ,” అన్న.

“కాకకు కార్డా? ఎవలికి ఇస్తవ్ అక్కా?”

ఎగతాళికి అనలేదు ఆయన. నిజంగనే అడిగిండు. కాకకు చుట్టం లేదు, నాకు చూస్తే పెండ్లయి కామారెడ్డికి వచ్చిన కొన్నేండ్లకే మా ఆయన పోయి, పిల్లలు లేక, ఆ దిక్కు చుట్టరికం కూడ సన్నగిల్లింది. కానీ ఊరందరి దినాలకు ఊరందర్ని పిలిచిన చేతులు కద అవి. ఆయన దినానికి పిలుపు లేకపోతే ఎట్ల? ఆయన పేరు అచ్చుల పడాలె. అది అందుకొని మనుషులు రావాలె, ఆయన పేరు మీద కూసొని తినాలె. ఆయన పద్ధతి తప్పకుండ ఒక్క కార్డు గూడ మిగలొద్దు. నా కోరిక అంతే. దేవుణ్ని నేను పెద్దగ ఏమీ అడిగిన మనిషిని కాదు. ఇది అడిగిన.

“ఎన్ని కొట్టాలె మరి?” అన్నడు తమ్మి.

“ఇరవై.”

“ఇరవైకి మిషిను ఎక్కియ్యరాదు అక్కా. ఇరవై అంటే జిరాక్స్ తీసుకోవాలె.”

“జిరాక్స్ వద్దు. జిందగంత మిషిను మీద నిలబడ్డ మనిషి.”

“అయితే వంద. అంతకన్న తక్కువ ఏ ప్రెస్సుల గూడ కొట్టరు.”

సరే అన్న. కంప్యూటర్ ముందర కూసొని ఆయన మాటలు పేర్చుకుంట పోయిండు. కాక ఫొటో ఒక్కటే దొరికింది. దసరనాడు మిషినుకు పూజ చేసినప్పుడు అందరూ దిగిన ఫొటోల, కొస మీద, మిషిను చక్రం ఎన్క ఉన్నడు. ముఖం వరకు కోసి పెద్దగ చేస్తే కొంచెం మసక వచ్చింది. అదే పెట్టినం.

“కింద పిలిచేటోళ్ల కాడ ఎవల పేరు ఎయ్యాలె?”

“నాదే.”

“పక్కన సంబంధం రాయాలె అక్కా. ఏమని?”

ఆయన వేళ్లు ఆగి ఉన్నయి. తొందర పెట్టలేదు. సందుల ఎవరిదో కుట్టుమిషిను నడుస్తున్నది.

“బిడ్డ అని ఎయ్యి,” అన్న.

ఎవరినీ అడగకుండ వేయించిన మాట అది. కాక బతికుంటే ఒప్పుకునేటోడో లేదో. నన్ను బిడ్డా అని పిలిచిన మాట నిజమే గని, మా దిక్కు ఏ పెద్దమనిషి అయినా ఆడపిల్లను అట్లనే పిలుస్తడు. ఆయన నోట్ల ఆ మాటకు ఎంత బరువుండెనో నాకు తెలిసే తొవ్వ లేదు.

రెండు దినాలకు ఆటో అన్న కట్ట తెచ్చి ఇచ్చిండు. చేతికి అందుకోంగనే నాకు అర్థమైంది. ఇన్నేండ్ల నుంచి కార్డులు మడిచే చేతులు, వంద కార్డులు ఎంత మందం ఉంటయో వాటికి ఎరుకే. ప్రెస్సుకు ఫోన్ చేసిన.

“తమ్మీ, కట్ట లావుగుంది.”

“అవునక్కా. కాక కార్డు గద. మీద ఇంకొన్ని కొట్టిన. నా తరఫున అనుకో.”

నేను కట్ట అంచు మీద బొటనవేలు పోనిచ్చి చూసుకుంటున్న.

“ఏమైంది అక్కా, మంచిగ రాలేదా?”

“మంచిగొచ్చినయి తమ్మీ. సల్లగుండు.”

ఇంకేమనాలె? ప్రెస్సోళ్లకు ప్రేమ చూపెట్టే తొవ్వ అదొక్కటే. చుట్టం పని అయినా, గుడి పని అయినా, మనసుకు దగ్గరోళ్ల పని అయినా, అడిగినదానికి మీద ఇంకిన్ని కొట్టి చేతుల పెడతరు. కాక పద్ధతిని అన్నేండ్లు కండ్లార చూసినోడే తమ్మి. ప్రేమ పొంగేసరికి అదే యాది మరిచిండు. ఆ ప్రేమకు తప్పు పట్టే నోరు నాకు లేదు. కానీ ఆ కట్టను గోడకు ఆనిచ్చి కూసున్నంక, ఇరవైమందిని పిలవనీకి ఆలోచిస్తున్న మనిషికి ఇన్ని కార్డులు ఎట్ల పంచాల్నో తోచలేదు. ఇంట్ల అడిగెటందుకు కూడ ఎవరూ లేరు.

కాకను తెలిసినోళ్లకు ఇచ్చుడు తొందరగనే అయిపోయింది. ఎల్లారెడ్డిల మిగతా ప్రెస్సులు, చాయ్ హోటలు, పుస్తకాలు బైండింగ్ చేసే భార్యాభర్తలు, కామారెడ్డి కాయితాల దుకాణం. తర్వాత ఎవరు అని ఆలోచిస్తే ఒక దారి దొరికింది. ఆయన ఎవరెవరి పెండ్లి కార్డులు కొట్టిండో వాళ్లు. నేను చదివి వినిపిచ్చిన పేర్లు కొన్ని నాకు ఇంకా మతికున్నయి.

ఎల్లారెడ్డిల ఒక బట్టల దుకాణానికి పోయిన. పైసల గల్ల కాడ కూసున్న ఆమె కార్డు అటుఇటు తిప్పింది.

“ఎవలక్కా ఈయన? మాకు చుట్టమా?”

“మీ పెండ్లి కార్డు కొట్టినాయన అమ్మా.”

ఆమె కార్డు దిక్కు చూసింది, లోపల బట్టలు మడతపెడుతున్న భర్త దిక్కు చూసింది. “అయితే ఇన్నేండ్లసంది నేను వేరేటోళ్లను తిడుతున్నన్నట్టు. అసలు చేసినోడు ఈయననా?”

లోపల నుంచి భర్త అన్నడు, “తీస్కో తీస్కో, పోదాం. ఆయన కొట్టకపోతే నాకీ తిప్పలే లేకుండె.”

ముగ్గురం నవ్వినం. కాక పోయినంక నేను నవ్వుడు అదే మొదలు.

అన్ని తావుల అట్ల కాలేదు. చావు కార్డును మా దిక్కు ఇంట్లకు తీస్కపోరు. గడప అవతలనే చదివి, గోడ సందుల్నో కప్పు కిందనో పెట్టి, దినం అయినంక చింపేస్తరు. చుట్టరికం లేని మనిషి కార్డు అయితే అసలు ముట్టుడే ఇష్టముండదు. కామారెడ్డిల స్టీలు సామాన్ల దుకాణమాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నడు.

“అక్కా, మా పిల్ల పెండ్లి పెట్టుకున్నం. నా చేతికి ఇయ్యకు. ఏమనుకోకు.”

“ఏమనుకోనన్నా. పెండ్లి మంచిగ కావాలె,” అన్న. మనస్ఫూర్తిగనే అన్న. ఆ పిల్ల కార్డులకు దారాలు కట్టేది నేనే కావచ్చు.

మా వాడకట్టోళ్లు తీసుకున్నరు. వేలి కొసలతో పట్టుకున్నరు. “ఎల్లారెడ్డి దాక ఎవలొస్తరమ్మా” అని ఒకామె ఉన్నమాట అన్నది. కొందరు వస్తమన్నరు, నేను బాధపడుతనని.

ఒకనాడు బస్సుల తాడ్వాయి కాడ ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూసున్నది. ఒళ్లె ఉన్న కట్టను చూసింది.

“ఏంది బిడ్డా, పెండ్లి కార్డులా?”

“కాదవ్వా. దినం కార్డులు.”

“ఎవలు పోయిండ్రు?”

“నాకు నాయినసొంటాయన.”

“చుట్టాలు బగ్గనే ఉన్నట్టుంది. గంత కట్ట ఉన్నది.”

నేను కిటికీ దిక్కు చూసిన. ఆమెనే చెయ్యి చాపింది. “నాకొకటి ఇయ్యి. నా కొడుకులకిస్తరు గని, నాకని ఎవలూ కార్డియ్యలేదు ఎన్నడు. కూరేంది?”

“వంకాయ, పప్పు.”

“యాట కూర లేదా?”

“లేదవ్వా.”

“అయినా వస్తతియ్యి,” అని కార్డును మడిచి బొడ్ల దోపుకున్నది.

పదో దినం నాడు ప్రెస్సు ఎన్క పెరట్ల వంట పెట్టినం. తమ్మి భార్య బగార అన్నం వండింది, నేను వంకాయ కోసిన. ఎంతమందికి వండాలె అని ఆమె అడిగితే, కార్డు తీసుకున్నోళ్లందరికీ అన్న. ఎన్ని కార్డులు పంచితే ఎంతమంది వస్తరో ఎరుక లేని మనిషిని కాదు నేను. అయినా ఎవరన్న వచ్చి అన్నం లేదని వాపసు పోతే ఎట్లని, నోరు అదే మాట చెప్పింది.

వచ్చినోళ్లు వచ్చిండ్రు. తమ్మి ఇంటోళ్లు, బైండింగ్ పని చేసేటోళ్లు, ఆటో అన్న, మిగతా ప్రెస్సుల నుంచి కొందరు. బట్టల దుకాణం భార్యాభర్తలు షట్టర్ సగం దించి వచ్చిండ్రు. చాయ్ హోటలాయన విస్తరి ముందర కూసొని చాలసేపు అన్నం ముట్టలేదు. “రోజు పొద్దున నా తాన ఉప్మా తిన్నడు. నేను పెట్టుడు, ఆయన తినుడు. ఇయ్యాల ఉల్ట అయింది,” అని కలుపుకున్నడు.

ఒకటే వరుస. అది కూడ కొస దాక నిండలేదు. కామారెడ్డి బస్సు వచ్చిన చప్పుడు అయినప్పుడల్ల నేను సందు మొదటికి పోయి చూసిన. తాడ్వాయి అవ్వ రాలేదు. బస్సు దొరకలేదో, కొడుకులు వద్దన్నరో, కార్డు సంగతే మర్చిందో. ఆమెకు ఒక విస్తరి పక్కకు తీసి పెట్టిన. పొద్దు వాలినంక దాన్ని కూడ తీసేసిన.

పొయ్యి మీది గంజుల అన్నం సగం అట్లనే ఉంది. తమ్మి, ఆటో అన్న మోసుకపోయి మార్కెట్ యార్డుల హమాలీలకు పెట్టిండ్రు. నేను కూడ పోయిన. వాళ్లు ఏమీ అడగకుండ తిన్నరు. ఆకలి మీద ఉన్నోళ్లు, తృప్తిగ తిన్నరు. ఒకాయన చెయ్యి కడుక్కుంట అడిగిండు, “ఎవల పేరు మీద అమ్మా?”

చెప్పిన. ప్రెస్సుల పనిచేసేటోడు అని చెప్పిన.

“మంచి మనిషి,” అన్నడాయన.

కాక ఎవరో ఆయనకు తెల్వదు. అయినా అన్నడు. ఆ ఒక్క మాటకు ఆయన కడుపు సల్లగుండాలె.

మిగిలిన కార్డులు సంచిల పెట్టుకొని కామారెడ్డికి వచ్చిన. పంచినవాటికంటె మిగిలినవే ఎక్కువ ఉన్నట్టు బరువనిపిచ్చింది. తాళం తీసి ఇంట్లకు వచ్చి, కాళ్లు కడుక్కొని, దీపం పెట్టుకున్న. తలుచుకోవలసినోళ్లు ఆనాడు చాలమంది ఉండిరి. అందరినీ తలుచుకున్న. దీపం కొండెక్కినంక కూడ లేవబుద్ధి కాలేదు. లేచి ఎవరికి అన్నం పెట్టాలె?

కాక పద్ధతి ప్రకారం ఆ కార్డులు కాలబెట్టాలె. పొయ్యి కాడి దాక తీస్కపోయిన. ప్రతి కార్డు మీద ఆయన మసక ముఖం, కింద నా పేరు, దాని పక్కన బిడ్డ అన్న మాట. నిప్పుల పెట్టనీకి చెయ్యి రాలేదు. మళ్ల ఒకనాడు తీస్కపోయిన, మళ్ల వాపసు తెచ్చిన. మిగిలిన కార్డు ఇల్లు వెతుక్కుంటదని ఆయన అన్నడు. వెతుక్కోనీ. నా ఇంట్ల ఉన్నది నేనొక్కదాన్నే, దేవుడు ఎన్నడు పిలిస్తే ఆనాడు పోతనే. నాకు ఆ భయం లేదు. నాకు ఉన్న రంది వేరే. ఒక్కొక్క కార్డూ ఒక మనిషి చేతికి పోవాలె అని అచ్చయింది. ఆ మనుషులు నాకు దొరకలేదు.

మొన్న పెండ్లి కార్డులు దించి పోయేటప్పుడు ఆటో అన్న అడిగిండు, “ఇంకా ఉన్నయా అక్కా అవి?” ఉన్నయన్న. “ఏం చేస్తవ్ మరి?” అన్నడు. “సూస్త” అన్న.

ఆ చూసుడే ఇది. నా ఎరుకల ఉన్న ఇండ్లు అయిపోయినయి కాబట్టి, ఎరుకల లేని మీకు రాస్తున్న. దినం అయిపోయింది, మీరు ఎక్కడికీ రావలసిన పని లేదు. ఎల్లారెడ్డిల ఒకాయన ఉండె. తనకు చదవరాని మాటలను అందరి ఇండ్లకు చేరేటట్టు అచ్చు కొట్టిండు. బడికి పోని ఒక పిల్ల ముందర కాయితం పెట్టి చదువు బిడ్డా అన్నడు. పని చేసుకుంటున్నప్పుడో, దేవునికి చేతులు జోడించినప్పుడో, మీ వాళ్లందర్ని తలుచుకున్నంక, ఒక్కసారి ఆయన్ని కూడ తలుచుకోండి.